పొడి డబ్బాకు రాసిన సాక్ష్యం

నాకు అక్షరం ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఆ అక్షరాన్ని నేను పాడుచేశాక కూడా నా చేతిని ఎండిపోనివ్వని ఆయన కనికరానికి స్తోత్రం. ఆయన మంచితనం ముందు చెప్పుకోకుండా నా సిగ్గు చెప్పుకునే ధైర్యం నాకు లేదు.

బ్లాగులు కొత్తగా వచ్చిన రోజులవి. విజయవాడ గవర్నరుపేటలో ఒక చిన్న ప్రచార సంస్థలో నేను రాసే ఉద్యోగం చేసేవాణ్ణి. అంతకుముందు పదేళ్లు చీరల కొట్లకు కరపత్రాలు, కాలేజీలకు ర్యాంకుల ప్రకటనలు, విలేకరులకు ఇచ్చే ప్రెస్ నోట్లు రాశాను. ఒకరోజు మా యజమాని హైదరాబాదు నుంచి కొత్త మాట పట్టుకొచ్చారు. "పేపర్లో ప్రకటన ఇక ఎవడూ నమ్మడయ్యా. మనిషి మనిషికి చెబితే నమ్ముతారు. అదే బ్లాగంటే."

మనిషి మనిషికి చెప్పడం నాకు బాగా తెలుసు. మా నాన్న వాక్యం చెప్పే మనిషి. నడక రాకముందే చాప మీద కూర్చుని సాక్ష్యాలు విన్నాను. ఆటోనగర్ వెనక వీధిలో మా సంఘం. మెకానిక్కులు, లారీ బాడీలు కట్టేవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు. ఆరాధన మధ్యలో ఎవరో ఒకరు లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. చదువు రానివాళ్లు చెప్పింది నేను రాసి సంఘం పత్రికకు ఇచ్చేవాణ్ణి. ముందు పడిన బాధ, తర్వాత దారులన్నీ మూసుకుపోయిన రోజు, అప్పుడు మేలు. ఆ వరసలో రాస్తే చదివినవాళ్లు కళ్లు తుడుచుకునేవారు.

అలా రాసినవాటిలో మా పెద్దమ్మ సాక్ష్యం ఒకటి. మాకు చుట్టం కాదు, సంఘంలో అందరికీ పెద్దమ్మ. కొల్లేరు వైపు చేపలు పట్టే కుటుంబం. భర్త పోయాక బెజవాడ వచ్చి ఆటోనగర్ రోడ్డు మీద చేపలు అమ్మేది. షుగరుతో కాలికి పుండు పడింది. కాలు తీసేయాల్సి వస్తుందన్నారు. సంఘమంతా ప్రార్థించాం. రోజు విడిచి రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి నర్సు చేత కట్టు మార్పించుకుంది. పుండు మానింది.

"ప్రార్థన నన్ను నిలబెట్టింది, నర్సమ్మ కట్టు కట్టింది. రెండూ రాయి నాయనా. నర్సమ్మని వదిలేస్తే ఆమె ఉసురు తగులుద్ది," అంది నేను రాస్తుంటే.

ఆమె పుట్టింటివాళ్లెవరూ ఆమె విశ్వాసాన్ని ఒప్పుకోలేదు. హనుమాన్ జంక్షన్లో చేపల కొట్టున్న తమ్ముడు ఎప్పుడూ ఆటపట్టించేవాడట. "అక్కా, మీ దేవుణ్ణి మా చెరువు వైపు కూడా ఓసారి చూడమను, రొయ్యలకి తెగులొచ్చింది." అతని ముందు చాపి చూపించడానికి ఆమెకు ఉన్న ఒకే రుజువు ఆ కాలు.

మా సంస్థకు షుగరు జబ్బుకు పొడి అమ్మే ఒక కంపెనీ వచ్చింది. టీవీ సీరియళ్లలో తల్లి వేషాలు వేసే నటిని పిలిపించారు. హోటల్ గదిలో ఆమె డబ్బా చేతిలో పట్టుకుని, "ఇదేంటండీ, పళ్లపొడా?" అని అడిగింది.

"కాదమ్మా, షుగరుకి."

"తాగాలా, రాసుకోవాలా?"

"రెండూ," అన్నాడు కంపెనీ మేనేజరు.

ఆమె నవ్వింది, ఫొటో తీశారు, వెళ్లిపోయింది. ఆ ఫొటో పెట్టి ఆమె పేరున బ్లాగు నేను రాశాను. మొదటి రెండు వ్యాసాలు ఎవరూ చదవలేదు. "ఇందులో ప్రాణం లేదయ్యా. నిజంగా జరిగింది ఒకటి లేదా నీ దగ్గర?" అన్నారు యజమాని.

ఉంది. సంఘం పత్రిక సంచిలోనే ఉంది. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ సాక్ష్యం ముందు పెట్టుకుని, ఆ నటి తనకు తెలిసిన ఒక చేపలమ్మే ఆమె గురించి చెబుతున్నట్టు టైపు చేశాను. ప్రార్థన తీసేశాను. నర్సమ్మని తీసేశాను. ఆ రెండూ ఉన్న చోట పొడి పెట్టాను. మిగిలినదంతా ఆమె మాటే. ఆమె కొల్లేరు, ఆమె గంప, పుండు మీద చేపల నీళ్లు పడితే కలిగే మంట, బస్సు మెట్టు మీద కాలు పెట్టలేక ఏడ్చిన రోజు. పేరు రాయలేదు గదా అని సర్దిచెప్పుకున్నాను.

చదివినవాళ్లు కింద రాయడం మొదలుపెట్టారు. అమ్మకు వాడొచ్చా, ఎక్కడ దొరుకుతుంది అని. ఆ నటి పేరుతో నేనే జవాబులు ఇచ్చాను. "నమ్మకంతో వాడండి తమ్ముడూ." యజమాని నా భుజం తట్టారు. ఆ ఆదివారం సండే స్కూలు పిల్లలకు తొమ్మిదో ఆజ్ఞ, అబద్ధ సాక్ష్యం పలకకూడదనేది, చెప్పించింది కూడా నేనే. గొంతు తడబడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కొన్నాళ్లకు ఆరాధన అయ్యాక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. చీర చెంగులోంచి మడతపెట్టిన కాగితం తీసింది.

"మా తమ్ముడికీ కాలి మీద పుండు లేచింది నాయనా. వాడి కూతురు నెట్ సెంటర్లో ఇది చూసి, నా సంగతేనని పోల్చుకుని తీసుకొచ్చిందంట. 'ఇన్నాళ్లూ పొడి తిని దేవుడని చెప్పావా అక్కా' అంటన్నాడు వాడు. ఆసుపత్రి మానేసి పొడి తెచ్చుకున్నాడు. చదువుకున్నోడివి, నువ్వు చూసి చెప్పు. ఎవరు రాశారిది?"

నా మాటలు నేనే ఆమెకు చదివి వినిపించాను. బస్సు మెట్టు దగ్గరకు వచ్చేసరికి ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఇది నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలా."

"పత్రికలో వచ్చింది గదా పెద్దమ్మా. ఎవరైనా చదివి రాసుండొచ్చు. నాకు తెలీదు."

అంతే అన్నాను. కాగితం మళ్లీ మడిచి ఆమె చేతిలో పెట్టాను.

నెల తిరక్కుండా తమ్ముడి కాలి వేళ్లు రెండు తీసేశారు. ఆ కబురు విన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, అంతా చెప్పాను. ఆడవాళ్ల వైపు నుంచి పెద్దమ్మ గొంతు వినపడింది.

"ఇక్కడ చెప్తే ఏం లాభం? వీళ్ల కాళ్లు బాగానే ఉన్నాయి. ఎల్లి వాడికి చెప్పు."

మర్నాడే హనుమాన్ జంక్షన్ వెళ్లాను. తమ్ముడు కొట్టు వెనక మంచం మీద కట్టు కట్టిన కాలు చాపుకుని ఉన్నాడు. చెప్పాను.

"అయితే ఆ సీరియలావిడ?"

"అది పళ్లపొడి అనుకుందండీ ఆవిడ."

పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగాక కళ్లు ఎర్రబడ్డాయి. "మా అక్క ఆరోజు నా కాళ్లు పట్టుకుంది. 'పొడి నేను వాడలేదురా, ఆసుపత్రి మానకురా' అని. 'కాగితంలో ఉంది గదే' అన్నాను నేను. నీ మాట నమ్మి వేళ్లు పోగొట్టుకున్నా, పోనీ, అది నా కర్మ. అక్కని అబద్ధాలకోరు అన్నానే, కొట్టు ముందు నలుగురిలో అన్నానే. అదెట్టా వెనక్కి తీసుకోను? నువ్వే చెప్పు, రాయడం వచ్చినోడివి గదా."

ఉద్యోగం మానేశాను. ఆ వ్యాసం తీయించాను గానీ అప్పటికే అది ఇంకెవరెవరి పేజీల్లోకో ఎక్కింది. తమ్ముడు అక్క ఇంటికి వచ్చి వెళుతున్నాడని విన్నాను. పెద్దమ్మ నాతో మాట్లాడుతుంది, తిన్నావా అని అడుగుతుంది. కానీ ఆ రోజు నుంచి సాక్ష్యానికి లేవడం మానేసింది. పాస్టరుగారు ఆమె వైపు చూస్తారు. ఆమె తల దించుకుంటుంది.

ఇది చదివే మీరు ఎవరైనా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. నమ్మకంతో వాడమని నేను జవాబిచ్చిన ఆ మనుషుల కోసం, వాళ్ల పేర్లు నాకు తెలియవు, దేవునికి తెలుసు. ఆ తమ్ముడికి మిగిలిన కాలు నిలవాలని. పెద్దమ్మ ఒక్క ఆదివారమైనా లేచి, తన మాట తన నోటితో చెప్పాలని, విన్నవాళ్లు నమ్మాలని. ప్రభువా, నా తప్పుకు ఆమె నోరు కట్టేయకు. ఆమేన్ అని మీరు కూడా అనండి.