అమ్మ అడిగిన జొన్నరొట్టె

మాఘమాసంలో ఒక సాయంత్రం బెజవాడలో గుంతకల్లు బండి ఎక్కాను. అమ్మ పోయి అప్పటికి మూడు నెలలు. ఆమె పుట్టిల్లు ఎమ్మిగనూరు. మంచంపట్టిన తర్వాత ఆమె నోరు తెరిచి అడిగింది జొన్నరొట్టె ఒక్కటే. డాక్టరు జావ తప్ప ఏమీ పెట్టవద్దన్నాడు. నేను ఆయన మాటే విన్నాను. ఆ రొట్టె పుట్టిన నేలను చూసిరావాలని ఇప్పుడు బయలుదేరాను.

తెల్లవారి గుంతకల్లులో బండి మారి, పదిన్నరకు ఆదోనిలో దిగాను. స్టేషను బయటి హోటల్లో జొన్నరొట్టె ఉందా అని అడిగితే, ఇళ్లలో రోజూ తినేదాన్ని ఇక్కడికొచ్చి ఎవరు కొంటారని సర్వరు నవ్వాడు. ఇడ్లీ తిని ఎమ్మిగనూరు వెళ్లే పన్నెండు గంటల బస్సు ఎక్కాను.

ఊరు దాటగానే రెండు వైపులా నల్లరేగడి. వానలు వెళ్లిపోయి నెలలైనా జొన్నచేలు నిలబడి ఉన్నాయి. ఈ నేల తేమను లోపల దాచుకుంటుందని, జొన్న మంచుకే కంకి వేస్తుందని, గింజ మనుషులకూ చొప్ప ఎద్దులకూ సరిపోతుందని నా పక్కన కూర్చున్న కౌతాళం ఊరి రైతు చెప్పుకొచ్చాడు. వాళ్ల వైపు కాలువ తవ్వుతున్నారట.

"నీళ్లొస్తే మేమూ వరన్నం తింటామప్పా. రొట్టె తిని తిని యాష్టకొచ్చింది" అన్నాడు.

రొట్టె కోసమే ఇంత దూరం వచ్చానని ఆయనతో అనలేకపోయాను.

రెండు గంటలకు నరసమ్మ చిన్నమ్మ ఇల్లు చేరాను. అమ్మకు సొంత చెల్లెలు. ముందుగదిలో ఆమె కొడుకు మగ్గం నేస్తున్నాడు. నన్ను చూసి ఆమె ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని కొడుకును బియ్యానికి పంపబోయింది. నేను ఆపి, అమ్మ తిన్నదే నాకూ పెట్టమన్నాను.

మరిగిన నీళ్లు పోసి పిండి కలిపి, బాగా మెదిపి, అరచేత్తో రొట్టె తట్టసాగింది. తడుతూనే అడిగింది.

"దసరాకు మనిషితో పిండి పంపిచ్చినాను. అందినాదా? అక్క తినిందా?"

అందింది. ఆ సంచి నా చేతికే వచ్చింది. అమ్మ కంట పడితే రొట్టె కావాలని పట్టుబడుతుందని, పాలు పోసే అతని గేదెకు పెట్టమని ఇచ్చేశాను. తిన్నదని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. జరిగింది చెప్పాను.

చిన్నమ్మ చెయ్యి ఆగింది. ముందుగదిలో మగ్గం చప్పుడు కూడా ఆగింది. కాసేపటికి ఆమె రొట్టెను పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్లు రాసింది.

"అక్కకు నమిలేకి పండ్లు లేవు కదా అని రెండుసార్లు జల్లించినాను" అంది.

వేడి రొట్టె, గురెల్లనే నల్లటి గింజలు వేయించి దంచిన కారం, ఉల్లిగడ్డ, పెరుగు ముందు పెట్టి, నేను తినేదాకా ఎదురుగానే కూర్చుంది. రెండో రొట్టె వేస్తే కాదనలేదు.

మర్నాడు ఎనిమిది గంటల బస్సు దాకా నన్ను సాగనంపడానికి ఆమె కూడా వచ్చింది. బస్సు కదలబోతుండగా కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. "నేనుండంగానే ఇంకొకసారి రా" అంది.

ఆదోనిలో బండి ఎక్కి కూర్చున్నాక ఇదంతా రాసుకున్నాను. అటు వెళ్లేవారు జొన్నరొట్టె కోసం హోటళ్లు వెతకవద్దు. ఎవరింటికైనా వెళ్లి, బియ్యం పొయ్యి మీద పెట్టకముందే అడగండి. కాలువ వచ్చాక ఎన్నాళ్లు చేస్తారో తెలియదు. వరన్నం మీద ఆ రైతు ఆశను నేను తప్పుపట్టను. నా తప్పు నాకుంది. ఆ పిండితో ఒక్క రొట్టె చేయించి ఉంటే అమ్మ ఒకరోజు ముందే పోయేదేమో. పోయినా, అడిగింది తిని పోయేది.