చాచా నమాజుకు పోయినప్పుడు బిగించిన బేరింగు

జేబులో విలేకరి కార్డు ఉంటే చాలు, లోకంలో మనకు తెలియని పనంటూ ఉండదని నమ్మిన వయసొకటి నాకూ ఉండేది. ఆ రోజుల్లో ఆదోనిలో ఒక పత్రికకు వార్తలు రాసేవాణ్ణి. చేరి మూడు నెలలయింది. మరమ్మతుల్లో జాప్యం, వాహనదారుల అవస్థలు అంటూ నేను రాసిన వార్త ఒకటి లోపలి పేజీలో అచ్చయింది కాబట్టి, మెకానిక్కుల పని వాళ్లకంటే నాకే బాగా తెలుసనుకునేవాణ్ణి. (ఆ కత్తిరింపు ఇప్పటికీ దాచుకున్నాను. చదవను.)

ఉగాది మరునాడు కైరుప్పలలో పిడకల సమరం, ఊరు రెండుగా చీలి ఒకరి మీదొకరు పిడకలు విసురుకునే జాతర. ఆ ఏడు అది శుక్రవారం వచ్చింది. ఎమ్మిగనూరులో మగ్గాలున్న మా మేనమామ తన పాత జీపులో నన్ను తీసుకుపోతానన్నాడు. ఆదోని చేరేసరికి వెనక చక్రం ఒకటి మూలగసాగింది. ఊరంతా చాచా అని పిలిచే ముసలి మెకానిక్కు చక్రం విప్పి, ఇరుసు బేరింగు పోయిందన్నాడు. చాచాకు ఒక పద్ధతి ఉండేది. విడిభాగాలను గోనెపట్టా మీద, మళ్లీ ఎక్కించాల్సిన వరసలో పరుస్తాడు. ముందు ప్లేటు, తర్వాత కొత్త బేరింగు, చివర దాన్ని కదలనివ్వని ఇనుప రింగు. రింగును ఎర్రగా కాల్చి ఇరుసు కడ్డీ మీదికి జారవిడిస్తే చల్లారి బిగుసుకుంటుంది, ఇక కోస్తే తప్ప రాదు. బేరింగును ఇరుసు గొట్టంలో బంధించి ఉంచేది మాత్రం ఆ ప్లేటే. అది లేకపోతే చక్రం కడ్డీతో సహా బయటికి నడిచొస్తుంది.

"జుమ్మా నమాజుకు పోయొస్తా బేటా. నేనొచ్చేదాకా పట్టా మీద సెయ్యి పెట్టొద్దు" అన్నాడు చాచా. మామ భోజనానికి పోయాడు. నేను ముందే రాసిపెట్టుకున్న పిడకల వార్త కాగితాలు గాలికి ఎగరబోతే, చేతికందిన బరువేదో తీసి వాటి మీద పెట్టాను. ఆ తర్వాత కైరుప్పలకు ఆలస్యమవుతోందన్న ఆత్రంలో స్టవ్వు వెలిగించి రింగు కాల్చాను. పట్టా మీద మిగిలినవి బేరింగు, రింగు. వరస ప్రకారం ఎక్కించి ఎంతో మురిసిపోయాను. రింగు బిగుసుకున్నాక కాగితాల కోసం తిరిగితే, వాటి మీద ప్లేటు.

రింగు కోసి అంతా మళ్లీ విప్పాలని చాచాకు చెప్పే ధైర్యం లేక, ప్లేటును సంచిలో వేసుకుని చక్రం బిగించేశాను. నమాజు నుంచి వచ్చిన చాచా ఆశ్చర్యపోయాడు.

"ప్లేటు ముందు ఏసినావా?"

"ఏసినా చాచా."

ఆయన స్పానరు అందుకోబోయాడు. "నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాను. చాచా నా మొహం చూసి స్పానరు కింద పెట్టేశాడు.

కైరుప్పలకు పోయే ఆస్పరి దారిలో ఒక మలుపు తిరుగుతుండగా జీపు ఒక పక్కకు కుంగింది. చక్రమొకటి మమ్మల్ని దాటి హుందాగా ముందుకు పోయింది. "ఎవురిదో పోతాంది సూడు" అన్నాడు మామ, జీపు నేలను గీరుకుంటూ ఆగేలోపు. దెబ్బలేమీ తగల్లేదు. మామ బస్సెక్కి చాచాను పిలుచుకురావడానికి పోయాడు. ఆ రెండు గంటలూ తప్పు ఒప్పుకోవడానికి వార్తలాగా మొదటి వాక్యం కూర్చుకుంటూ గడిపాను. ఎవరు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. (పిడకల వార్త ఆ రోజు ఎలా పంపానో అడక్కండి.)

చాచా వచ్చి ఇరుసు తడిమాడు. ప్లేటు లేదు. నా వైపు చూశాడు.

"నీ సేతులు పడిపోయినాయి సాయిబూ. మా ఊరోళ్లను ఎవుర్నీ ఇంక నీ కాడికి పోనీను" అని మామ, చక్రం బిగించింది చాచాయే అనుకుని, అరుస్తున్నాడు.

"తప్పు నాదేలే అప్పా. ఇంగొకసారి సూసుకోవాల్సింది" అన్నాడు చాచా. ప్లేటున్న సంచి భుజాన్ని కోస్తుంటే నేను దాన్ని ఇంకో భుజానికి మార్చుకున్నాను.

మామ అన్నంత పనీ చేశాడు. ఎమ్మిగనూరు బండ్లు చాచా షెడ్డుకు పోవడం మానేశాయి. నిజం మామకు చెప్పడానికి నాకు ఇంకో ఉగాది కావలసి వచ్చింది. అంతా విని మామ చెప్పులేసుకున్నాడు. "జీపెక్కు" అన్నాడు, అంతే. ఆదోని షెడ్డులో పదిమంది ముందు, "తప్పు మావోనిది సాయిబూ. నేను నోరు పారేసుకుంటి" అన్నాడు.

"నాకు ఆ పొద్దే తెల్సు."

"తెల్సీ ఎందుకప్పా మీదేసుకుంటివి?"

చాచా చేతులు తుడుచుకుంటూ నన్ను చూశాడు. "పిల్లోడు ఆడనే సెప్తాడులే, రోంత టైమిద్దామనుకుంటి. ఏడాది తీసుకుంటాడని నాకేం తెల్సు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నేల చూస్తూ. మరుసటి వారం నుంచి ఎమ్మిగనూరు బండ్లు మళ్లీ ఆ షెడ్డు ముందు ఆగాయి. ఆ కుర్ర విలేకరిని తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతోపాటు కాస్త జాలి కూడా వేస్తుంది. అలాగని నేను పెద్దగా మారానని చెప్పలేను. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు మొదట కాగితం మీద పడిన వాక్యం 'ఆ సమయంలో షెడ్డులో ఉన్న ఒక విలేకరి' అని. కొట్టేసి 'నేను' అని రాయడానికి రెండు టీలు పట్టింది.