ఐసు పెట్టె, మెటికలు

కలిదిండి నుంచి ఏలూరు వస్తున్న బస్సులో అవతలి సీటులో ఒక అమ్మాయి, ఆమె ఒళ్లో గుక్కపట్టి ఏడుస్తున్న ఏడాదిన్నర పిల్లవాడు, పక్కన ఆమె అత్తగారు. పేర్లు నేను అడగలేదు.

"నార్వే నుంచి వచ్చిన దగ్గర్నుంచీ వీడికి నిద్ర లేదండీ," అంది ఆ అమ్మాయి. "అక్కడ మంచు కురుస్తున్నా పిల్లల్ని దుప్పట్లు చుట్టి, తోసుకెళ్లే చిన్న బండిలో వేసి ఆరుబయటే పడుకోబెడతారు. వీడికి అదే అలవాటైపోయింది."

"అదేం కాదండీ, దిష్టి," అన్నారు అత్తగారు. "వాడలో అందరూ ఎత్తుకున్నారు."

దిష్టి అన్న మాట వింటే నేను ఊరుకోలేను. నలుగురి చూపు పడితే నిద్ర చెడేటట్టయితే ఈ దేశంలో ఒక్క మంత్రి కూడా నిద్రపోడని ఉపన్యాసం మొదలుపెట్టాను. పిల్లవాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు.

నా కాళ్ల దగ్గర ఐసులో పెట్టిన కొల్లేటి చేపల పెట్టె ఉంది. వాడికి కావలసింది చల్లగాలేనని నిరూపించడానికి దాని మూత తీసి, పిల్లవాణ్ని దగ్గరికి తెమ్మన్నాను. ఆమె పెట్టె పక్కనే కింద కూర్చుంది. చల్లటి గాలి వాడి ముఖానికి తగిలింది. సరిగ్గా అప్పుడే అత్తగారు వంగి, వాడి ముఖం చుట్టూ చేతులు తిప్పి, తన కణతల మీద మెటికలు విరిచారు.

కాసేపటికి వాడు నిద్రపోయాడు.

"చూశారా," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఏది పనిచేసిందో తేలాలంటే వాణ్ని లేపి, ఒక్కొక్కటీ విడిగా చేసి చూడాలన్నాను. అత్తగారు కూడా సరేనన్నారు.

"లేపినవాళ్లే ఏలూరు దాకా ఎత్తుకోవాలండీ," అంది ఆ తల్లి మెల్లగా.

అత్తగారు చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నారు. మూత వేస్తే చప్పుడవుతుందని, చేపల మీద ఐసు కరిగిపోతున్నా చూస్తూ కూర్చున్నాను.