ఆయన అడిగిన బెల్లం

ఏళ్ల తరబడి ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ లేచి వెళ్లిపోకండి.

మాది బీర్కూర్ దగ్గర పల్లె. వరి, చెరకు పండించే ఇల్లు. ఇంటర్ అయ్యాక బాన్సువాడలో హెల్త్ అసిస్టెంట్ కోర్సులో చేరాను. బస్టాండు వెనక కిరాయి గదిలో నాతోపాటు సరిత ఉండేది. ఆమెది పెద్ద కొడప్‌గల్ వైపు తండా. నాకంటే ఏడాది చిన్నది, నన్ను అక్కా అనేది.

క్లినికల్ మెడిసిన్ పేపరంటే అందరికీ గుబులే. పుస్తకమంతా ఇంగ్లీషు. నేను ఇంగ్లీష్ మీడియం, తను తెలుగు మీడియం. అందుకని నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని, తను వినేది. సాయంత్రం కాగానే ఫోన్ తీసి, ఆ రోజు పాఠమంతా వాళ్లమ్మకు తమ భాషలో చెప్పేది, పక్కింటి ముచ్చట చెప్పినట్టే. వాళ్లమ్మకు చదువు రాదు. అయినా ఊరుకునేది కాదు, అడ్డం వచ్చి ప్రశ్నలడిగేది. "మా యాడికి సమజైతే నాకు వచ్చినట్టే అక్కా" అని నవ్వేది సరిత. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. నిజమే, అలా చెప్పిన పాఠం తను మళ్లీ మరిచిపోయేది కాదు.

అదే నాకు మండింది. నేను చెప్పిన జవాబునే క్లాసులో నాకంటే ముందు తను చెప్పేది. ఊళ్లో ఓ ప్రైవేటు దవాఖానవాళ్లు, మా బ్యాచిలో ఫస్ట్ వచ్చినవాళ్లకు ఉద్యోగం ఇస్తామన్నారు. మా ఇంట్లో అప్పటికే అది నాదే అనుకుంటున్నారు. "తండా పిల్ల నిన్ను దాటిపోతదా ఏంది?" అన్నాడు మా అన్న, నవ్వుతూనే. ఆ మాట నాకు తప్పనిపించలేదు. ఇదీ ఒప్పుకోవాలి కదా.

పరీక్ష దగ్గరపడ్డాక షుగర్ జబ్బు పాఠం తీశాం. ఇన్సులిన్ తీసుకునే మనిషికి ఒంట్లో షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. తెలివిలో ఉండగానే ఇంత తీపి తినిపించాలి. పుస్తకంలో ఉన్నది అదే. నేను దాన్ని కావాలనే తిరగేసి చెప్పాను. చెమట, వణుకు వస్తే షుగర్ పెరిగినట్టనీ, తీపి అసలే ముట్టించకూడదనీ చెప్పాను.

"గట్లనా? నేను ఉల్టా అనుకుంటున్న అక్కా."

"ఉల్టానే రాసి రా పో, మార్కులు పోతే తెలుస్తది" అన్నాను.

నమ్మింది. నన్ను అనుమానించవచ్చని కూడా ఆమెకు తోచలేదు. ఒక్క ప్రశ్నే కదా, నాలుగు మార్కులే కదా అనుకున్నాను.

అక్కడితో అయిపోయి ఉంటే దాన్ని అసూయ అని సరిపెట్టుకునేదాన్నేమో. ఆ సాయంత్రం సరిత ఎప్పటిలాగే ఫోన్ తీసింది. వాళ్ల భాష నాకు రాదు, కానీ షుగర్ అన్న మాట చెవిన పడింది. ఫోన్లో వాళ్లమ్మకు కనిపించదని మరిచిపోయి, చెయ్యి వణికిస్తూ మరీ చెబుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ల నాన్న రోజూ ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. సరితే చాలాసార్లు చెప్పింది నాకు.

లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. పొరపాటు చెప్పిన, మళ్లీ చెప్పు అంటే నవ్వేసి మళ్లీ చెప్పేది. నేను రాత్రి వంటకు బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఎందుకు లేవలేదు? దొరికిపోతాననా? ఆ మార్కులు తనకు వస్తాయనా? వాళ్లింట్లో ఏమైతే నాకేం అనుకున్నానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, ప్రతిసారీ ఒక కొత్త సాకు దొరుకుతుంది, ఏదీ నిలవదు. ఒక్కటి మాత్రం నిజం. తెలిసే కూర్చున్నాను.

పరీక్షలో ఆ ప్రశ్న రానే లేదు.

ప్రాక్టికల్స్ కోసం మేమింకా గదిలోనే ఉన్నాం. తండాలో వరికోత మిషన్ వచ్చిందని వాళ్ల నాన్న పొద్దున్నే సూది వేసుకుని, తినకుండానే పొలం వెళ్లాడట. అక్కడ ఒళ్లంతా చెమట, వణుకు. వెంట వెళ్లిన వాళ్లమ్మ, బిడ్డ చెప్పిన పాఠం గుర్తు చేసుకుంది. నీళ్లు తాగించి నీడన పడుకోబెట్టింది. ఆటోలో బాన్సువాడ దవాఖానకు తెచ్చేసరికి ఆయనకు తెలివి తప్పి చాలాసేపైంది. షుగర్ పడిపోయిందనీ, మొదట్లోనే ఇంత తీపి నోట్లో వేసి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదనీ డాక్టర్ గారన్నారు.

దవాఖాన వరండాలో సరిత నా చెయ్యి పట్టుకుంది.

"నాయన ఇంత బెల్లం పెట్టుమన్నడట అక్కా. యాడి పెట్టలే. నేనే వద్దని చెప్పిన గద."

నా చెయ్యి వదలకుండానే తను మళ్లీ అంది.

"నువ్వు మంచిగనే చెప్పి ఉంటవ్. నాకే ఉల్టా సమజైంది. గీ ఇంగ్లీష్ సదువు నాకేడ అబ్బుతది?"

"ఫికర్ చెయ్యకు" అన్నాను. ఛీ! ఆ మాట ఎలా వచ్చింది నా నోటికి?

ప్రాణం దక్కింది, మనిషి దక్కలేదు. మాట పోయింది. ఇప్పటికీ అన్నం ఎవరో ఒకరు కలిపి తినిపించాలి. సరిత ప్రాక్టికల్స్‌కు రాలేదు, మళ్లీ పుస్తకం ముట్టలేదు. నేను ఫస్ట్ వచ్చాను. ఆ ఉద్యోగంలోనే ఇప్పటికీ ఉన్నాను. షుగర్ పేషెంటు ఎవరొచ్చినా వాళ్ల ఇంటివాళ్లను కూర్చోబెట్టి, విసుగొచ్చేదాకా ఇదే పాఠం చెబుతాను. వార్డులో నాకు బెల్లమక్క అని పేరు పెట్టి ఆటపట్టిస్తారు. మెచ్చుకోకండి. అది మంచితనం కాదు, భయం.

సరిత అప్పుడప్పుడు వాళ్ల నాన్నను చూపించడానికి మా దవాఖానకే తీసుకొస్తుంది. మొన్న కూడా వచ్చింది. పక్క బెంచీ మీది ఆవిడకు నన్ను చూపించి, "గీ అక్కనే నాకు సదువు చెప్పింది. నాకే తలకెక్కలే" అంటోంది. నేను అక్కడే ఉన్నాను. బీపీ మిషన్ సర్దుకుంటూ నిలబడ్డాను.

ఆమెకు చెబుతానో లేదో తెలియదు. చెబితే ఏమంటుందో అన్న భయం కన్నా, ఏమీ అనకుండా ఊరుకుంటుందేమో అన్న భయమే ఎక్కువ. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఇంతదాకా చెప్పాక గొంతులోకి కొంచెం గాలి దిగినట్టుంది. మిగిలిన ఒక్క మాటా చెప్పేస్తాను, మీరైనా వినండి.

సరితకు చదువు తలకెక్కింది. నేను చెప్పింది చెప్పినట్టే నేర్చుకుంది.