బోరుబండి కుళ్లాయప్ప సెలవు దినాలు

మా పక్కింటి కుళ్లాయప్ప ఇరవై రెండేళ్లు బోరుబండి మీద పనిచేసినాడు. ఎండాకాలమంతా బండి యాడికి పోతే ఆడికే. నెలకొకసారి మా ఊరు బెళుగుప్ప మొహం చూస్తే గొప్ప. పెండ్లాం ఈశ్వరికి మాటలంటే ప్రాణం. ఆయన వచ్చిన పూట అన్నీ చెప్పుకోవాలని కూర్చుంటే, తిన్న పళ్లెం ముందరే నిద్రపోయేవాడు.

"ఒక్క ఆదివారం ఉండిపో," అనేది.

"రేపు రెండు బోర్లుండాయి. పోకుంటే బత్తా రాదు. ఈ సీజన్ పోనీ," అనేవాడు.

ఆశపోతు కాదు ఆయన. కూతురు నందినిని నర్సింగు చదివించాల, రేకులిల్లు తీసి మిద్దె వేయాల. రెండూ అయినాయి. నందినికి పుట్టపర్తిలో ఉద్యోగం దొరికినాక, బండి యజమాని బయ్యన్న దగ్గరికి పోయినాడు.

"అన్నా, ఇంక వారానికి నాలుగు దినాలే వస్తా."

"జీతం తగ్గుతాది, చూసుకో," బండి మోతలో అరిచినాడు బయ్యన్న.

"తగ్గనీ అన్నా. ఇంటికాడ ఉండాలనిపిస్తాంది."

మొదటి సెలవు దినం ఈశ్వరి విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తా మాటలు మొదలుపెట్టింది. ఆయన ఎదురుగా కూర్చుని తలాడిస్తా ఉన్నాడు. నందిని తర్వాత ఒక బిడ్డ కడుపులోనే పోయిందని, ఆయన బండి మీద కర్ణాటకలో ఉన్నప్పుడు ఉరవకొండ ఆస్పత్రిలో తానొక్కతే పడి ఉన్నానని, ఇన్నేండ్లు దాచింది ఆ పొద్దు చెప్పింది. ఆయన నవ్వి తలాడించినాడు.

ఈశ్వరి చేతులు ఆగిపోయినాయి. "నవ్వుతావేంది?"

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏమంటివి?" అన్నాడు.

బండి మీది కంప్రెసర్ మోతకు చెవి నరాలు దెబ్బతిన్నాయని, ఇంక బాగుకావని అనంతపురం డాక్టరు చెప్పినాడు. చెవికి మిషను పెట్టుకుంటే గాలి, బండ్లు, కోళ్లు అన్నీ కలిసి ఒకటే రొద. మాట మాత్రం విడిగా తెలిసేది కాదు.

"ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తావప్పా, వారమంతా రా," అని బయ్యన్న గట్టిగా అరిచి అడిగినాడు. కుళ్లాయప్ప ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఆ మూడు దినాలు ఇద్దరూ అరుగు మీద కూర్చుంటారు. కూరేమి చేయాల, నందిని ఎప్పుడొస్తాది, ఇట్లాంటివి ఈశ్వరి అరిచి చెప్తాది. బిడ్డ సంగతి మళ్లీ ఎత్తలేదు.

"వీధంతా వినేట్టు అరిచి చెప్పే మాటా అక్కా అది?" అంది నాతో.

ఆయన అప్పుడప్పుడు అడుగుతాడంట, ఆ పొద్దు ఏందో చెప్తాంటివే అని. ఏం లేదులే అని ఆమె చెయ్యి ఊపుతాదంట.