ఎర్ర గీత

షూటింగ్ క్లబ్బులో తుపాకులు బాగుచేసే ఆయన్ని అందరూ గీతలాయన అంటారు. గురి చూసే స్కోపుని రైఫిలుకి పట్టి ఉంచే స్క్రూలని ఆయన ముందు నూనె జిడ్డు లేకుండా తుడుస్తాడు, ఒక్కో చుక్క జిగురు వేసి, అన్నిటినీ సమంగా బిగిస్తాడు. ఆపైన పెళ్లాం గోళ్లరంగు తీసి, స్క్రూ తల మీంచి పక్కనున్న క్లాంపు మీదికి సన్నగా ఒక ఎర్ర గీత గీస్తాడు. స్క్రూ ఏ కాస్త తిరిగినా గీత విరుగుతుంది. విరిగిందా, తుపాకీ ఆయన బల్ల మీదికి రావాలి.

ఇవాళ ఆయన బావమరిది రైఫిలుతో మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఏం స్కోపు బావా ఇది! గురి ఒకచోట, తూటా ఇంకోచోట."

గీతలు చూస్తే నిగనిగలాడుతున్నాయి. గోటితో తిప్పితే మాత్రం స్క్రూ కిమ్మనకుండా తిరిగింది. గీతలాయనకి ఒళ్లు మండింది.

"ఈ గీత ఎవడు గీశాడురా?"

"నేనే. పాతది విరిగి అసహ్యంగా ఉంటే గీకేసి కొత్తది వేశా. నీకన్నా నీటుగా వచ్చింది కదూ?"

వీడొక్కడే అయితే గీతలాయన సరిపెట్టుకునేవాడు. క్లబ్బు నిండా ఇదే బాపతు. బిగించమంటే ఒళ్లు వంగదు, సింగారించమంటే ఎగేసుకుని వస్తారు.

గోళ్లరంగు సీసా తీసి వాడి చేతిలో కుక్కాడు.

"తుపాకీ ఇక్కడ పెట్టి పో. ఇది తీసుకెళ్లి గోళ్లకి పూసుకో. అక్కడైతే నీటుగా ఉంటే చాలు."