అమ్మవారనుకున్న పొక్కులు

రెండేళ్ల కిందట నేను జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నది ఫ్యాషన్ కోసం కాదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున జడ అల్లుకోబోతే వేళ్లు వంగలేదు. అమ్మను అల్లమని అడగడానికి సిగ్గేసింది.

మాది కోడుమూరు. ఇంట్లో మగ్గం ఉంది. తెగిన పోగులు అతికేది నేనే. కొన్నాళ్లకు మణికట్లు కూడా వాచి, పోగు పట్టుకోలేక దొరికిపోయాను. కర్నూలులో ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. మెథోట్రెక్సేట్ కొంతకాలం పనిచేసింది. తర్వాత లివర్ ఎంజైములు పెరగడంతో ఆపేశారు. వేళ్లు వంకరపోతాయేమోనని పొద్దున్నే దుప్పటి కింద చాపి చూసుకునేదాన్ని.

టీబీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అయ్యాక డాక్టరమ్మ టోఫాసిటినిబ్ రాశారు. అది జాక్ ఇన్హిబిటర్. "నీ రక్షణ కణాలు నీ కీళ్ల మీదికే వస్తున్నాయి. వాటికి కబురు మోసే జాక్ ప్రోటీన్‌ను ఈ మాత్ర అడ్డుకుంటుంది. నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ కబురు సరిగా అందదు. జ్వరమొచ్చినా, పొక్కులు లేచినా ఆ రోజే ఫోన్ చెయ్యి," అన్నారు.

వాపు తగ్గింది. మళ్లీ మగ్గం దగ్గర కూర్చున్నాను.

ఎండాకాలంలో ఒకరోజు నొసట కుడివైపు మంట పుట్టింది. మరునాటికి జ్వరం, నీటిపొక్కులు. అమ్మ చూసి అమ్మవారు పోసిందంది. గడపకు వేపమండలు కట్టి, తాళింపు మానేసి, నా మాత్రలు దాచేసింది. అమ్మవారు ఇంట్లో ఉండగా మందు మింగడం, గడప దాటడం మా ఇళ్లలో లేదు.

సాయంత్రానికి కుడి రెప్ప మీదా పొక్కు లేచింది. కన్ను ఎర్రబడి, వెలుతురు గుచ్చుకుంటోంది. అమ్మకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు.

"అమ్మా, అమ్మవారైతే ఒళ్లంతా పోస్తాది గదా. ఇది ఒక పక్కనే ఉండాది. కన్ను పోతాదేమో."

"అట్ల అనగూడదు. అమ్మకు కోపమొస్తాది."

అంటూనే నా ఎడమ నొసలు తడిమింది. ఒక్క పొక్కూ తగల్లేదు. ఫోన్ నా ముందు పెట్టి, దేవుని మూలకు తిరిగి కూర్చుంది.

డాక్టరమ్మ హెర్పిస్ జోస్టర్, అంటే సర్పి అయి ఉంటుందన్నారు. ఆ మాత్ర ఆపి, తెల్లారేదాకా ఆగకుండా రమ్మన్నారు. మాత్రలు దాచడం వరకు అమ్మ చేసింది మంచిదే అయింది. బస్సులో నా తల మీద కొంగు కప్పి, దారంతా పెదవులు కదుపుతూనే ఉంది. కంటి డాక్టరు చూసి కార్నియా ఇంకా దెబ్బతినలేదన్నారు. వాలాసైక్లోవిర్, కంటి చుక్కలు ఇచ్చారు. పొక్కులు ఎండినా మంట చాలాకాలం పోలేదు. ఈలోగా కీళ్లు మళ్లీ వాచాయి. డాక్టరమ్మ సరేనన్నాకే టోఫాసిటినిబ్ తిరిగి మొదలుపెట్టాను.

ఇప్పుడు చూపు బాగుంది. నొసట మచ్చలు మిగిలాయి. ఈ మాత్రలు వాడేవాళ్లకు ఒక్కటే చెప్తాను: పొక్కు లేస్తే అది ఏమిటని ఇంట్లో తేల్చుకోవద్దు, ముందు డాక్టరుకు చెప్పండి.

పోయిన వారం నాకు మళ్లీ ఒళ్లు కాలింది. అమ్మ నా పక్కన కూర్చుని అంది:

"నువ్వు డాక్టరమ్మతో మాట్లాడు. అమ్మవారికి నేను చెప్పుకుంటాలే."